ఖిల్లా మీద సద్దిమూట

మెదక్ ఖిల్లా దారి చిన్నపిల్లల కోసం వేసింది కాదు. గుట్టను చుట్టుకుంటూ పోయి, ఒక ద్వారం దాటాక ఇంకో ద్వారం ఎదురయ్యే ఆ దారి, కింది నుంచి దూసుకొచ్చే సైన్యం ఊపు విరగ్గొట్టడానికి పనికొచ్చేది. ఇప్పుడు ఆ మలుపుల దగ్గర ఊపు విరిగేది మూడేళ్ళ పిల్లలకి. చేతులు చాపి "ఎత్తుకో" అంటారు. ఎత్తుకుంటే మూడు వందల అడుగుల గుట్ట ఆరు వందలవుతుంది. అందుకే తల్లులు ఒక ఉపాయం పట్టారు. "సింహాల దాకా నడువు, ఆడ నీళ్ళు తాగుదాం. ఏనుగుల దాకా నడువు, ఆడ బిస్కెట్ ఇస్త." సింహద్వారం మీద కోరలు చూపిస్తున్న రెండు సింహాలు, గజద్వారం దగ్గర పెనవేసుకున్న ఏనుగులు. కాకతీయుల కాలం శిల్పులు శత్రువును బెదిరించడానికి చెక్కారో, రాజుగారి దర్పం కోసం చెక్కారో గానీ, ఇవాళ అవి బుజ్జగింపు మైలురాళ్ళు.

స్విట్జర్లాండ్ పోయొచ్చిన స్నేహితుల ఫొటోల్లో కూడా పిల్లలు కొండల మీదే ఉంటారు. యుంగ్‌ఫ్రావ్ రైలెక్కి 3,454 మీటర్ల ఎత్తున మంచులో దిగిన పాప, ఎర్ర జాకెట్టు, ఎర్రబడ్డ ముక్కు. తెలుగు సినిమా పాటలు ముందే చూపించిన కొండలు కాబట్టి మనకి కొత్తేమీ అనిపించవు. ఆ ఫొటోల పక్కన మెదక్ ఖిల్లా ఫొటో పెడితే నవ్వొస్తుంది, నిజమే. కానీ చరిత్ర వైపు నుంచి అడగాల్సిన ప్రశ్న రెండు చోట్లా ఒకటే. చంటిపిల్లను వెంటేసుకుని, ఏ పనీ లేకుండా, కొండ ఎక్కడమనేది ఎప్పుడు మొదలైంది? దానికి ముందు ఆ కొండ మీద ఎవరు ఏం చేసేవారు?

స్విస్ సంగతి బాగానే నమోదై ఉంది. ఆల్ప్ అనే మాటకు అక్కడి పల్లెవాళ్ళ వాడుకలో అర్థం శిఖరం కాదు, ఎండాకాలం ఆవుల్ని మేపే కొండబీడు. అంటే అది పనిచోటు. 1863లో థామస్ కుక్ అనే ఇంగ్లీషు వ్యాపారి అక్కడికి తన మొదటి యాత్రికుల గుంపును తీసుకెళ్ళాడు. 1871లో రిగి కొండ మీదికి పళ్ళ పట్టాల రైలు వచ్చింది. ఎక్కలేనివాళ్ళు, ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు కూడా కొండెక్కగలిగింది అప్పుడే. ఇంకో పక్క దావోస్ లాంటి ఊళ్ళలో క్షయ రోగులకు కొండగాలే మందు అన్నారు. 1880లో యోహానా స్పీరి రాసిన 'హైడీ' నవలలో, పట్నంలో చక్రాల కుర్చీకి అతుక్కుపోయిన పిల్ల కొండ మీదికి వచ్చి నడుస్తుంది. ఆ కథ చదివిన తల్లిదండ్రులకు కొండంటే పిల్లల ఆరోగ్యం. వాళ్ళ విహారానికి మూలం గాలి.

అదే కాలంలో అదే కొండల్లో ఇంకో రకం పిల్లలూ ఉన్నారు. పేదింటి పిల్లల్నీ అనాథల్నీ అధికారులే రైతుల ఇళ్ళకు అప్పజెప్పేవారు. కూటికీ గూటికీ బదులు చాకిరీ. మన జీతగాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగందాకా సాగిన ఆ పద్ధతికి స్విస్ ప్రభుత్వం 2013లో క్షమాపణ చెప్పింది. యుంగ్‌ఫ్రావ్ సొరంగం కూడా అంతే. 1896 నుంచి 1912 దాకా ఆ కొండను తొలిచిందీ, ఆ పనిలో ప్రాణాలు పోగొట్టుకుందీ ఎక్కువగా ఇటలీ కూలీలు. ఎర్ర జాకెట్టు పాప దిగిన స్టేషన్ వాళ్ళు తవ్విందే.

ఇక మెదక్. ఇక్కడి విహారానికి మూలం గాలి కాదు, తిండి.

ఇది వెక్కిరింపుగా అనడం లేదు. ఊరి పేరే చూడండి. పాతపేరు మెతుకు దుర్గం, చుట్టూ మెతుకు సీమ. అన్నం మెతుకు పేరున ఊరుండటం నాకెప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. మధ్యలో గుల్షనాబాద్ అని పూలతోట పేరు పెట్టారు గానీ, జనం నోట నిలిచింది మెతుకే. ఖిల్లా మీద కుతుబ్‌షాహీల కాలపు మసీదుంది, పెద్ద ఫిరంగి ఉంది, వాటితో పాటు ధాన్యం దాచిన కొట్లున్నాయి. పిల్లలు ఫిరంగి ఎక్కడానికి ఎగబడతారు, కొట్ల వైపు చూడరు. కానీ కోట బలం ఫిరంగిలో ఎంతుందో గింజలో అంతుంది. ముట్టడి పడితే లోపల ఎన్నాళ్ళు తినగలరన్నదే లెక్క. కింద పొలం దున్నినవాడి గింజ గుట్టెక్కింది. అతని పిల్లలు ఎక్కారా? కూలికో వెట్టికో తప్ప, చూడ్డానికి ఎక్కి ఉంటారని నేననుకోను.

మరి పల్లె పిల్లలు ఊరు దాటి పోయిందెప్పుడు? జాతరకి. మెదక్ పక్కన, నాగసానిపల్లి దగ్గర, మంజీర ఏడు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట వనదుర్గ గుడి ఉంది. శివరాత్రికి మూడు రోజుల జాతర. అక్కడికి చంటిపిల్లను తీసుకుపోవడానికి వేరే సాకు అక్కర్లేదు, పిల్లే సాకు. పుట్టువెంట్రుకలు తీయించాలి, మొక్కు చెల్లించాలి. బండి కట్టినవాళ్ళు బండిమీద, లేనివాళ్ళు భుజం మీద. యాటను కోసి, అక్కడే రాళ్ళు పేర్చి పొయ్యి పెట్టి, వండుకుని, చెట్టుకింద తిని, తెల్లారి ఇంటిదారి. "ఏడుపాయలకు పోయొస్తం" అన్నప్పుడు దర్శనం ఎంతసేపు, వంట ఎంతసేపు అని లెక్కేస్తే వంటదే పైచేయి. ఇప్పటికీ ఆదివారం నాడు అక్కడ గుడి గంట కన్నా ముందు వినపడేది ఉల్లిగడ్డలు కోసే చప్పుడు. విహారం అనే సంస్కృత మాట మనింట్లో ఎవరూ వాడరు. పోయి వండుకుని తిని వచ్చుడు, అంతే.

ఆ నీళ్ళ మీదే ఘనపురం ఆనకట్ట ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఏలుబడిలో, 1905లో కట్టారు. మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు. పొంగిపొర్లే నీళ్ళు చూపించడానికి పిల్లల్ని అక్కడికీ తీసుకెళ్తారు. పోచారం కూడా ఇలాంటిదే. 1916, 1922 మధ్య ఆలేరు వాగు మీద కట్టిన చెరువు, పక్కన నిజాం వేటాడిన అడవి. 1952లో అభయారణ్యం అయింది. ఒకప్పుడు తుపాకీకి కనపడిన జింక ఇప్పుడు పిల్లలకి కంచె అవతల కనపడుతుంది. రెండూ పంట కోసం కట్టినవే. మన దగ్గర చూడబోయే నీళ్ళన్నీ దాదాపు పారకం నీళ్ళే.

నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నది చర్చి దగ్గర.

చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మెదక్ వచ్చాడు. 1914లో చర్చి పని మొదలైంది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గంటగోపురం, ఐదు వేల మంది పట్టే హాలు. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం చూపించే రంగుటద్దాల కిటికీలు. వాటి అందమంతా పగటి వెలుగు ఉన్నంతసేపే, అదీ లోపలి నుంచే. పిల్లలకి ఈ ఒక్క విషయం చెప్తే చాలు, బయటికీ లోపలికీ పదిసార్లు పరిగెత్తుతారు. వాటికన్ తర్వాత ఇంత పెద్దది ఇదేనని చెప్పేవాళ్ళు కూడా కనపడతారు. ఆ పోటీ మీద నాకు ఆసక్తి లేదు.

ఆసక్తి ఉన్నది ఆ పదేళ్ళ మీద. 1914 నుంచి 1924 అంటే ప్రపంచ యుద్ధం, ధరలు, 1918లో ఇన్‌ఫ్లుయెంజా. ఈ ప్రాంతంలో కరువు. తిండి లేని జనానికి ఉచితంగా పెట్టడం కాకుండా పని చూపించి కూలి ఇవ్వాలనుకున్నాడు పాస్నెట్. చర్చి కట్టడం ఆ పని. ఇప్పటి మాటల్లో పనికి ఆహారం. కరువు రోజుల్లో రోడ్లూ చెరువులూ తవ్వించడం అప్పటి ప్రభుత్వాలకు మామూలే, ప్రార్థనా మందిరం కట్టించడం మామూలు కాదు. మెదక్ ప్రాంతంలో మిషన్‌లో చేరినవాళ్ళలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలు. ఊరి బావిలో చేద వేయనివ్వని, ఊరివాళ్ళ పంక్తిలో కూర్చోనివ్వని మనుషులు. వాళ్ళు కట్టుకున్న ఇల్లు చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తుగా లేచింది.

దీన్ని కేవలం దయ కథగా చెప్పడం నాకు నచ్చదు. దొర పిలిచాడు, పేదలు వచ్చారు, అన్నం దొరికింది అని ముగిస్తే, పదేళ్ళు రాయి మోసినవాళ్ళు కథలోంచి జారిపోతారు. మత ప్రచారం కోసమేనని కొట్టిపారేసేవాళ్ళూ అదే పని చేస్తారు. ఇద్దరి కథలోనూ కూలీ నోరు తెరవడు. శిలాఫలకాల మీద పేర్లు వెతికితే పాస్నెట్ దొరుకుతాడు. నీళ్ళబిందె మోసినామె దొరకదు. ఆమె చంటిపిల్లను ఎక్కడ పడుకోబెట్టి పనికి దిగిందో ఎవరూ రాసిపెట్టలేదు. ఇవాళ కూడా హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ పని దగ్గర చూసినా, ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాల కనపడుతుంది. నా ఊహకు అదే ఆధారం.

ఇప్పుడు ఆ ఆవరణలోనే కుటుంబాలు దుప్పట్లు పరుస్తాయి. క్రిస్మస్ నాడైతే అడుగు పెట్టే చోటుండదు. వచ్చేవాళ్ళందరూ క్రైస్తవులు కాదు. బొట్టు పెట్టుకున్నవాళ్ళు, బురఖా వేసుకున్నవాళ్ళు, మొక్కు చెల్లించేవాళ్ళు, సెల్ఫీకి వచ్చినవాళ్ళు. పులిహోర, పూరీలు, నిమ్మకాయ తొక్కు, చికెన్ ఫ్రై డబ్బా. పక్క దుప్పటివాళ్ళ పాప మన గిన్నెలో చెయ్యి పెడితే ఎవరూ కులం అడగరు. కార్తీకం రాగానే పట్నంలో ఉసిరిచెట్టు కింద కుల సంఘాల బ్యానర్లు కట్టుకుని, మనవాళ్ళమే తిందాం రమ్మని పిలుచుకునే వనభోజనాలతో పోల్చి చూడండి. వనభోజనానికి అసలు అర్థం ఏ చెట్టు కింద ఎక్కువ మిగిలిందో మీరే చెప్పండి. అలాగని చర్చి గేటు దాటి ఊళ్ళోకి పోయాక కూడా ఇదే తీరు ఉంటుందని అననులెండి.

విహారానికి సెలవు కావాలి, బండి కావాలి, వండిపెట్టే మనిషి కావాలి. మూడోది మర్చిపోతాం. పొద్దున నాలుగింటికి లేచి పులిహోర కలిపి, పాల సీసా, మార్చే బట్టలు, నీళ్ళు సర్దుకున్న మనిషి ఖిల్లా మొదటి ద్వారం దగ్గరికొచ్చేసరికే అలిసిపోయి ఉంటుంది. "మీరు పోయిరండి, నేనిక్కడ కూర్చుంటా" అని మెట్ల మీద కూలబడిన ఆడవాళ్ళు ఏ ఆదివారమైనా నలుగురైదుగురు కనపడతారు. రిగి కొండకు రైలు వేసినవాడు ఈ మనిషిని కూడా లెక్కలో పెట్టుకున్నాడు, డబ్బు కోసమే కావచ్చు. మనకు ఖిల్లా మీద రైలక్కర్లేదు. సగం దారిలో నీడ, నీళ్ళు, పాలిచ్చే తల్లికి నాలుగు గోడల చాటు ఉంటే చాలు.

పట్నం నుంచి మెదక్ వంద కిలోమీటర్ల లోపే. అయినా జిల్లా పేరు మోస్తూనే, కేంద్రాన్ని సంగారెడ్డికి వదిలేసి ఎన్నో ఏళ్ళు ఉండిపోయింది ఈ ఊరు. 2016లో జిల్లాలు మారాక గానీ తన పేరున్న జిల్లాకు తాను కేంద్రం కాలేదు. రైలు ఇంకా ఆలస్యం. అక్కన్నపేట నుంచి 17 కిలోమీటర్ల లైను 2022 సెప్టెంబర్‌లో మొదలై, కాచిగూడ నుంచి నేరుగా బండి వచ్చింది. బస్సులో వాంతి చేసుకునే పిల్లలున్న ఇళ్ళకి ఇది చిన్న వార్త కాదు. 2024 డిసెంబర్‌లో చర్చికి నూరేళ్ళు నిండాయి. ముఖ్యమంత్రి వచ్చారు, ఏడుపాయలకూ వెళ్ళారు. సామాన్య కుటుంబాలు ఒక్క రోజులో వేసుకునే చుట్టు అదే: పొద్దున చర్చి, మధ్యాహ్నం అమ్మవారు, సాయంత్రానికి ఓపికుంటే ఖిల్లా.

వానాకాలం మాత్రం ఆ చుట్టు తెగుతుంది. ఎగువన సింగూరు గేట్లు ఎత్తితే మంజీర ఏడు పాయలూ ఒక్కటై గుడి ముందు నుంచి పోతాయి. గుడి మూసేసి, ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురం దగ్గర పెట్టి పూజలు చేస్తారు. మొక్కుకు వచ్చినవాళ్ళు దూరం నుంచే దండం పెట్టి వెనక్కి తిరుగుతారు. తిరుగుతారే గానీ ఇంటికి పోరు. దారి పక్క ఎక్కడో కొంచెం పొడినేల చూసుకుని, పిల్లల్ని దింపి, గిన్నెలు దింపి, మూడు రాళ్ళు వెతుకుతారు.