తల్లిలేని అడవి పిల్లలు: పెంపకం నుంచి పునరావాసం వరకు

భాగవత పంచమ స్కంధంలోని భరతుని కథ తెలుగువారికి సుపరిచితమే. పోతన భాగవతంలో ఆ స్కంధాన్ని రచించినది బొప్పరాజు గంగన. రాజ్యాన్ని త్యజించి అడవి చేరిన భరతుడు, తల్లి మరణించగా నదిలో కొట్టుకుపోతున్న లేడిపిల్లను కాపాడి పెంచుతాడు. ఆ మమకారమే బంధమై మరుజన్మలో లేడిగా పుడతాడు. వేదాంతులు ఈ కథలో మోక్షానికి కలిగిన విఘ్నాన్ని చూశారు. మనిషి చేతిలో పెరిగిన ఆ లేడిపిల్ల తిరిగి అడవిలో ఎలా బతికిందన్న ప్రశ్నను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. నేటి అటవీశాఖలకు అసలు సమస్య అదే.

ప్రాచీన పాలకులు అడవి పిల్లలను గురించి ఆలోచించలేదని అనుకోరాదు. ఏనుగులను పట్టే విధానాన్ని వివరిస్తూ కౌటిల్యుని అర్థశాస్త్రం పాలు తాగే గున్నను, చూలు ఏనుగును, పాలిచ్చే తల్లిని పట్టరాదని విధించింది. ఇరవై ఏళ్ల ఏనుగే పట్టదగినదని చెప్పింది. ఇందులో దయతో పాటు, పనికిరాని గున్నను మేపడం బొక్కసానికి దండగ అన్న లెక్క కూడా ఉండి ఉండవచ్చు. అశోకుని ఐదవ స్తంభ శాసనం పాలిచ్చే మేకలను, గొర్రెలను, పందులను, ఆరు నెలలు నిండని వాటి పిల్లలను వధించరాదని ప్రకటించింది.

అటవీ శిబిరాల కాలంలో అనాథ గున్న పెరిగి పెద్దదై దుంగలు లాగే ఏనుగుగా మారేది. అది తిరిగి అడవికి పోవాలన్న ఆలోచనకు అక్కడ తావు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, దొరికిన పిల్లను అనుమతి లేకుండా ఇంట్లో పెంచుకోవడం నేరమైంది. దాన్ని సాకే భారం ప్రభుత్వంపై పడింది.

పెంపకానికీ పునరావాసానికీ గల భేదం శ్రీలంకలో స్పష్టంగా కనిపిస్తుంది. 1975లో అక్కడి వన్యప్రాణి శాఖ నెలకొల్పిన పిన్నవల అనాథాశ్రమం 1978లో జంతుప్రదర్శనశాలల శాఖ చేతికి వెళ్లింది. 1984లో అక్కడే ఒక గున్న పుట్టింది. అక్కడి ఏనుగులు సందర్శకుల నడుమనే జీవితం గడుపుతాయి. 1995లో ఉడవలవెలో వెలసిన కేంద్రం తీరు వేరు. మూడు గంటలకొకసారి గున్నలు వచ్చి పాలు తాగి తిరిగి పొదల్లోకి వెళ్లిపోతాయి. సందర్శకులు దూరం నుంచే చూడాలి. 1998 నుంచి పెరిగిన ఏనుగులను అడవిలో వదలసాగారు. గున్నకు ఆవుపాలు సరిగా పడవు. పసిపిల్లలకు పోసే పాలపొడి కలిపి పట్టవలసి వచ్చింది.

మన దేశంలో ఈ ప్రయత్నానికి పరీక్షాస్థలం కాజీరంగా. ఏటా బ్రహ్మపుత్ర పొంగినప్పుడు జంతువులు జాతీయ రహదారిని దాటి కార్బీ కొండల వైపు పరుగులు తీస్తాయి. ఆ తొక్కిసలాటలో ఖడ్గమృగాల పిల్లలు, గున్నలు, పాడా జింకల పిల్లలు తల్లుల నుంచి విడిపోతాయి. అస్సాం అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థల సహకారంతో 2002లో అక్కడ వన్యప్రాణి పునరావాస కేంద్రం ఏర్పడింది. ముందు తల్లి కోసం వెతకాలి. తల్లి దొరకకుంటేనే పాలసీసా. ఖడ్గమృగపు పిల్లకు నెలల తరబడి పాలు పట్టాలి, నిమోనియా రాకుండా వెచ్చగా ఉంచాలి. అది పెరిగేకొద్దీ మనిషి రాకపోకలు తగ్గాలి. సాకినవాడికి ఇదే కష్టం. రాత్రింబవళ్లు ఒళ్లో పెట్టుకున్న పిల్ల తనను మరచిపోవాలని కోరుకోవడం సామాన్యమైన పని కాదు. భరతుని మెడకు చుట్టుకున్నదీ ఈ మమకారమే.

ఇలా పెరిగిన తొలి ఆడ ఖడ్గమృగాన్ని 2006లో మానస్‌కు తరలించారు. 1990ల అల్లర్ల కాలంలో మానస్‌లో ఆ జాతి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. విద్యుత్ కంచె గల ఆవరణలో కొంతకాలం ఉంచిన పిమ్మట వాటిని వదిలారు. అలా వెళ్లినవి తరువాత అడవిలోనే పిల్లలను కన్నాయి. వరదలో తల్లిని పోగొట్టుకున్న పిల్లలు మరొక అడవికి పోయిన జాతిని తిరిగి తెచ్చాయన్నమాట.

శాకాహారులతో పోలిస్తే పులిపిల్ల సంగతి చాలా క్లిష్టం. గడ్డి మేయడం ఒకరు నేర్పనక్కరలేదు. వేట నేర్పవలసినది తల్లి. అయినా కాన్హాలో మనుషుల సంరక్షణలో పెరిగిన రెండు అనాథ ఆడపులులను 2011లో, అప్పటికే పులులు లేకుండా పోయిన పన్నాలో వదిలారు. అవి నిలదొక్కుకున్నాయి. అనాథ పులికూనను అడవికి పంపే ముందు కనీసం రెండేళ్లు ఆవరణలో పెంచాలని, అది కనీసం యాభై జంతువులను వేటాడి ఉండాలని జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నిబంధన విధించింది.

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం వద్ద నాలుగు పులికూనలు దొరికాయి. తల్లి జాడ కోసం సిబ్బంది నల్లమలను గాలించారు. తల్లి చెంతకు చేర్చే ప్రయత్నం ఫలించక కూనలను తిరుపతి జంతుప్రదర్శనశాలకు చేర్చారు. రెండేళ్లు, యాభై వేటలు: కాగితంపై ఒక్క వాక్యమే. దానికి కావలసిన ఆవరణ ఎంత విశాలంగా ఉండాలి, అందులో వదిలే జింకలు ఎక్కడి నుంచి రావాలి, ఆ వ్యయం ఏ పద్దు కింద చూపాలి అన్నవి దస్త్రం తెరిచిన అధికారికే తెలిసే ప్రశ్నలు.