చంద్రుడి నుంచి తిరిగొచ్చాక

1969 జులైలో అపోలో 11లో వెళ్ళిన ముగ్గురి పేర్లు మనలో చాలామందికి తెలుసు. వాళ్ళ భార్యల పేర్లు మాత్రం తక్కువమందికి తెలుసు: జానెట్ ఆర్మ్‌స్ట్రాంగ్, జోన్ ఆల్డ్రిన్, పాట్ కాలిన్స్. ఈ మూడు కాపురాల్లో రెండు విడాకులతో ముగిశాయి. ఆల్డ్రిన్ దంపతులు 1974లో, ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు 1994లో విడిపోయారు. ఉద్యోగం సంసారాన్ని మింగేసిందని తేలిగ్గా అనేయొచ్చు. కానీ ఆ సంవత్సరాలు చూడండి. ఇద్దరూ 1971లోనే నాసా వదిలేశారు. అంటే విడాకులు ఉద్యోగం నడుస్తుండగా కాదు, అది అయిపోయాక వచ్చాయి.

ఇల్లేమో టెక్సస్‌లో, హ్యూస్టన్ పక్కన. శిక్షణ చాలావరకు ఫ్లోరిడాలోనూ, వ్యోమనౌకలు తయారయ్యే ఫ్యాక్టరీల్లోనూ. చాలా వారాలు మగవాళ్ళు ఇంటికొచ్చేది శని, ఆదివారాలే. పిల్లల జ్వరాలు, బడి, ఇంటి మరమ్మతులు అన్నీ భార్యలవే. 1966 మార్చిలో జెమినీ 8 అదుపు తప్పి గిర్రున తిరుగుతున్నప్పుడు, మాటలు వినడానికని జానెట్ ఇంట్లో పెట్టిన స్పీకర్‌ను నాసా ఆపేసింది. ఆమె కంట్రోల్ సెంటర్‌కి పరిగెత్తితే లోపలికి రానివ్వలేదు.

మరి అప్పుడే ఎందుకు విడిపోలేదు? ఆ ఉద్యోగానికి చక్కని సంసారం కూడా ఒక అర్హత. 1959లో మొదటి ఏడుగురి ఇంటి కథలను లైఫ్ పత్రిక 5 లక్షల డాలర్లకు కొనుక్కుంది. ఆ ఏడుగురిలో ఒకడైన గోర్డన్ కూపర్, ఆయన భార్య ట్రూడీ అప్పటికే వేరుగా ఉంటున్నారు. ఎంపిక కోసమే మళ్ళీ ఒక ఇంట్లో చేరారు. విడాకులు తీసుకుంటే ఇక రోదసి ప్రయాణం దక్కదన్న భయం అందరిలోనూ ఉండేది. కాపురానికి తీరిక లేకుండా చేసిన ఉద్యోగమే, దాన్ని బయటికి నిలబెట్టి ఉంచింది కూడా. ఆ ఆసరా పోయాకే అసలు పగుళ్ళు బయటపడ్డాయి.

ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంట్లో ఆ పగులు ఇంకా పాతది. 1962 జనవరి 28న, సరిగ్గా వాళ్ళ ఆరో పెళ్ళిరోజున, కూతురు కేరెన్ చనిపోయింది. కొద్దిరోజులకే ఆయన మళ్ళీ విమానం ఎక్కాడు. ఆ పాప గురించి ఇంట్లో దాదాపు మాట్లాడేవాడు కాదు. పని అంటే మాట్లాడకుండా తప్పించుకునే చోటు కూడా. నాసా వదిలి ఒహాయోలో పొలం కొన్నాక కూడా, ముందు యూనివర్సిటీ పాఠాలు, తర్వాత కంపెనీల బోర్డులు ఆ చోటును భర్తీ చేశాయి.

మా సాఫ్ట్‌వేర్ ఇళ్ళల్లో రోజూ వినపడే మాట ఒకటుంది: "ఈ రిలీజ్ ఒక్కటి అయిపోనీ." పని ఒత్తిడి తగ్గితే సంసారం తనంతట తాను సర్దుకుంటుందన్న నమ్మకం అది. ఆర్మ్‌స్ట్రాంగ్ కంటే పెద్ద రిలీజ్ ఎవరూ చేసి ఉండరు. అది అయిపోయాక ఇంకా పాతికేళ్ళ టైముంది వాళ్ళకి. టైమైతే దొరికింది, మాట్లాడుకునే అలవాటే మిగల్లేదు.

మూడో ఆయన మైకేల్ కాలిన్స్. తర్వాతి యాత్రల్లో చంద్రుడి మీద నడిచే వరుసలో ఉన్నవాడు. అపోలో 11 సవ్యంగా జరిగితే ఇక వెళ్ళనని బయల్దేరకముందే పై అధికారి డీక్ స్లేటన్‌కి చెప్పేశాడు. 1970లో నాసా వదిలాడు. 2014లో పాట్ చనిపోయేదాకా వాళ్ళు కలిసే ఉన్నారు. ఆ ఒక్క నిర్ణయమే వాళ్ళ కాపురాన్ని కాపాడిందని నేననను. కాకపోతే ముగ్గురిలో పని ఎక్కడ ఆగాలో ముందే చెప్పి వెళ్ళింది ఆయనే.