మార్లవాయి బడి చెప్పే పాఠం



మార్లవాయి అనగానే మనకు హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు గుర్తుకొస్తాయి. ఏటా జనవరిలో అక్కడికి వెళ్లి పూలు ఉంచి వస్తాం. కానీ ఆ ఊళ్లో మొదలైన బడి గురించి మన పిల్లలకు ఎంతమందిమి చెప్పాం?

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. ఆ పోరాటం తర్వాత మనవాళ్ల కష్టాలకు కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మన పెద్దల మధ్యే నివసించారు.

అప్పటికి మనలో చదువు వచ్చినవారు చాలా తక్కువ. కచేరీ భాష ఉర్దూ. ఏ కాగితంలో ఏముందో తెలియక భూములు పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో. అందుకే 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. కాస్తో కూస్తో అక్షరం తెలిసిన గోండు యువకులనే ఏరి పంతుళ్లుగా తయారు చేశారు. గోండి వాచకాలను దేవనాగరి లిపిలో అచ్చు వేయించారు.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ పంతులు పిల్లవాడికి కొత్త మనిషి కాదు. వాడి భాషే మాట్లాడతాడు, వాడి పండుగే చేసుకుంటాడు, వాడి ఇంటి కష్టం ఎరుగుతాడు. అలాంటి మనిషి ముందు పిల్లవాడికి తప్పు చదవడానికి భయం ఉండదు. భయం పోయిన చోటే చదువు మొదలవుతుంది.

ఇది మనకు కొత్త విద్య కాదు. దండారిలో చిన్నపిల్లలు పెద్దల వెనకే నిలబడి అడుగులు కలుపుతారు. అడుగు తప్పితే ఎవరూ బయటకు పంపరు, పక్కనున్నవారే సరిచేస్తారు. మార్లవాయికే చెందిన కనక రాజు గారు ఎందరో యువకులకు గుస్సాడీ నేర్పి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు.

1956లో మన జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. బడి చదువు తెలుగులోకి మారింది. తెలుగు మనకు కావాలి, ఇంగ్లిషూ కావాలి. అయితే ఆశ్రమ పాఠశాలలో మొదటిరోజు బిక్కమొహం వేసుకుని కూర్చునే బిడ్డకు ముందుగా కావాల్సింది తన భాషలో ఒక పలకరింపు.

మనలో టీచర్లున్నారు, అంగన్‌వాడీల్లో పనిచేసే అక్కలున్నారు, సెలవులకు ఊరికి వచ్చే డిగ్రీ విద్యార్థులున్నారు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు బడి మానేసిన తమ్ముడినో చెల్లెనో పక్కన కూర్చోబెట్టుకుందాం. ఎందుకు మానేశావని గద్దించకుండా, బడిలో ఏది కష్టంగా ఉందో గోండిలో అడుగుదాం. చెప్పేదంతా విని, మళ్లీ బడికి వెళ్లే రోజున వెంట నడుద్దాం. ఎనభై ఏళ్ల కిందట మార్లవాయిలో మన యువకులు పంతుళ్లై చేసిన పని ఇదే.

జై సేవా!