మార్లవాయి చప్పుడు

దండారి జట్టు ఊళ్లోకి రాకముందే దాని చప్పుడు వచ్చేస్తుంది. ముందు తుడుం, దాని వెంట డప్పు. కాసేపటికి ఆ రెంటి మీదుగా పెప్రె, సన్నగా, చెవిని గుచ్చుతూ. ఎక్కడ వాద్యం మోగినా కాళ్లాగని జబ్బు నాది. అయినా ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళి రోజుల్లో వినిపించే ఈ మోతకు సాటి వచ్చేది నాకింకా తగల్లేదు.

చప్పుడు వెనకాలే గుసాడీలు. తలమీద గంపంత మల్‌బూర, అంటే నెమలి ఈకల కిరీటం. ఒంటినిండా బూడిద, భుజాన జంతువు తోలు, కాళ్లకు గజ్జెలు, చేతిలో గంగారాం సోటి అనే కర్ర. పక్కనే ఆడవేషం కట్టిన కుర్రాళ్లు, పోరీలు. గుసాడీ వేషం కట్టినవాడు పండగ ముగిసేదాకా స్నానం చేయడు. నిన్నటిదాకా పత్తిచేలో కనబడ్డవాడే అయినా ఆ కొద్ది రోజులూ ఊరు వాడిలో దేవుణ్ని చూస్తుంది, మొక్కుతుంది. మల్‌బూర దించాకే మళ్లీ మామూలు మనిషి.

నగరాల వేదికల మీద ఇదంతా పది నిమిషాల్లో అయిపోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, అక్కడ నడక ఉండదు. దండారి అంటేనే ఒక ఊరు మరో ఊరికి చుట్టంగా వెళ్లడం. వచ్చిన జట్టుకు కాళ్లు కడిగి, అన్నం పెట్టి, రాత్రంతా వాళ్లతో ఆడతారు. పెళ్లి సంబంధాల మాటలూ అక్కడే కదులుతాయి. ఆ రాత్రిని వేదిక మీదికి ఎవరు ఎక్కించగలరు?

ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమురం భీం వర్ధంతి జరుగుతుంది. దీపావళి ఆ వెంటనే వస్తుంది కనుక ఏటా ఆ నివాళి తర్వాతే గజ్జెలు బయటికొస్తాయి. 1940లో భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు కలిగింది. అందుకు దొరికినవాడు వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో, రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే ఆయన బ్రిటిష్‌వాళ్లకు శత్రుదేశస్థుడై హైదరాబాద్ సంస్థానంలో చిక్కుబడిపోయాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకున్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండుల పురాణాలను, పూజలను రాసుకుని 1948లో పుస్తకంగా తెచ్చాడు. సర్కారు పంపిన మనిషే, సందేహం లేదు. కానీ 1987లో హైదరాబాద్‌లో చనిపోయిన బెట్టీని మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో కన్నుమూసిన ఆయన అస్థికలూ 2012లో ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరిలో ఊరు వాళ్లకు నివాళులర్పిస్తుంది. పరిశోధకులు చాలా ఊళ్లకు వెళ్తారు. ఇలా ఊరివాళ్లయిపోయినవాళ్లు ఎందరుంటారు?

గుసాడీ కనకరాజుదీ ఆ మార్లవాయే. గూడెం బయటివాళ్లకు ఈ ఆటను చూపించి, కుర్రాళ్లకు అడుగులు నేర్పిన ఆయనకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024 అక్టోబరులో, దీపావళి ఇంకా వారం ఉందనగా, ఆయన పోయారు. గూడేల్లో అప్పుడు దండారి రోజులే.