తెస్సలొనీకి యూదుల పాత శ్మశానవాటిక

గ్రీస్‌లోని తెస్సలొనీకి (పూర్వం సలోనికా) నగరపు తూర్పు కోటగోడ వెలుపల సుమారు 35 హెక్టార్లలో ఉండిన శ్మశానవాటిక. 1942లో దీన్ని నేలమట్టం చేశారు. ఇప్పుడక్కడ అరిస్టాటిల్ విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. సమాధులు మూడు నుంచి మూడున్నర లక్షలని ఎక్కువమంది రాస్తారు. ఐదు లక్షలన్న లెక్కా ఉంది. అన్నీ అంచనాలే.

యూదులు ఈ ఊళ్లో రోమన్ల కాలం నుంచీ ఉన్నారు కనుక శ్మశానమూ అంత పాతదేనని కొందరంటారు. అయితే నమోదైన శాసనాల్లో అత్యధికం 1492లో స్పెయిన్ వెళ్లగొట్టిన సెఫార్దీ యూదులు ఇక్కడ స్థిరపడ్డాక చెక్కించినవి. రోమన్ల నాటి పాలరాళ్లనే మళ్లీ వాడి, వాటిమీద హీబ్రూ చెక్కించిన సందర్భాలున్నాయి. కాబట్టి రాయి వయసును సమాధి వయసుగా తీసుకోరాదు.

ధ్వంసం గురించిన కథనాలు ఒకదానితో ఒకటి పొసగవు. 1942 జులై 11న, నగరాన్ని ఆక్రమించి ఉన్న జర్మన్లు సుమారు 9,000 మంది యూదు పురుషులను ఎలెఫ్తెరియా కూడలికి రప్పించి వెట్టిపనికి పేర్లు రాసుకున్నారు. వారిని విడిపించడానికి జర్మన్ అధికారి మాక్స్ మెర్టెన్ అడిగిన సొమ్ము 200 కోట్ల ద్రాఖ్మాలని ఒకరు, 250 కోట్లని మరొకరు రాశారు. శ్మశానం విలువనూ అందులో జమకట్టారని మరో కథనం. డిసెంబరు 6న కూల్చివేత మొదలైంది; పని చేయించింది పురపాలక సంఘం. నేరమంతా జర్మన్లదేనన్న పాత వాదన ఇక్కడ నిలవదు. 1917 అగ్నిప్రమాదం తర్వాత ఎర్నెస్ట్ ఎబ్రార్ వేసిన నగర ప్రణాళికలోనే ఈ స్థలాన్ని విశ్వవిద్యాలయానికి చూపారు. 1937లో యూదు సమాజం కొంత భాగాన్ని వదులుకోక తప్పలేదు కూడా. నగరం ఎప్పటినుంచో కోరుకుంటున్న స్థలానికి జర్మన్ ఆక్రమణ రూపంలో అదను దొరికిందనడమే సబబు. నాలుగు నెలలు తిరక్కుండానే, 1943 మార్చి 15న, ఆష్విట్జ్ మరణశిబిరానికి నగర యూదులతో తొలి రైలు కదిలింది.

రాళ్లు ఊరంతా చెదిరిపోయాయి. కాలిబాటలకు, ప్రహరీలకు, ఈతకొలనుకు, చివరకు సెయింట్ దిమిత్రియోస్ చర్చి మరమ్మతుకు కూడా వాడారు. కొన్ని స్తావ్రూపొలిలోని కొత్త యూదు శ్మశానానికి, కొన్ని నగరంలోని యూదు మ్యూజియానికి చేరాయి. ప్రాంగణంలో స్మారకం వెలిసింది మాత్రం 2014 నవంబరులోనే. విధ్వంసానికి ముందే ఐజాక్ ఇమ్మాన్యుయేల్ ఎత్తి రాసుకున్న శాసనపాఠాలు 1960లలో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. వాటిలోని అనేక సమాధులకు ఇప్పుడు రాయి లేదు, పాఠమే ఉంది.