పాత రిజిష్టర్లు – మన సంఘ చరిత్ర

ఈ శతజయంతి సంచికకు చరిత్ర వ్యాసము వ్రాయమన్నప్పుడు, మేము మొదట ఒక పల్లె సంఘమునకు వెళ్లి బాప్తిస్మపు రిజిష్టర్లు చూపమని అడిగాము. గుడికి సున్నము వేయించిన ఏడాది పాత కాగితములన్నీ తూకానికి అమ్మివేశామని అక్కడి పెద్దలు చెప్పారు. వారిని తప్పుపట్టలేకపోయాము. అవి దాచదగినవని వారికి మనలో ఎవరు చెప్పారు గనుక?

మచిలీపట్టణమునకు 1841లో నోబుల్, ఫాక్స్ దొరగార్లు వచ్చిన సంగతి మన సండేస్కూలు పిల్లలు కూడ చెప్పగలరు. వారి మాట విని బాప్తిస్మము పొందిన మన ముత్తాతల పేర్లడిగితే పెద్దలమే తడబడుతాము. భూమి గలవాని పేరు కరణముగారి లెక్కలలో ఉన్నది. గుంటెడు నేల లేని పాలేరు పేరు ఎక్కడ ఉన్నది? తరచుగా మన రిజిష్టరులోనే. పాత పేరు, క్రొత్త పేరు, తల్లిదండ్రులు, ఊరు, తేదీ, క్రింద పాదిరిగారి సంతకము. ఆ పుట చినిగితే ఆ కుటుంబమునకు వేరే సాక్ష్యము లేదు.

ఇట్టి పనికి జీతగాండ్రే కావాలని లేదు. రాజమహేంద్రవరములో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని నడిపినవారు భావరాజు వేంకటకృష్ణారావుగారి వంటి ప్లీడర్లు, రాళ్లబండి సుబ్బారావుగారి వంటి ఉపాధ్యాయులు. తమ వృత్తి తాము చేసికొనుచునే శాసనములు, నాణెములు, తాళపత్రములు వెదకి చేర్చారు. అదే సంవత్సరము రాజరాజనరేంద్రుని పట్టాభిషేకమునకు 900 ఏండ్లు నిండినవని పెద్ద సంచిక వెలువరించారు. సుబ్బారావుగారి పేరనే నేడు అక్కడ ప్రభుత్వ మ్యూజియము ఉన్నది. రాజుల చరిత్రకు అంత శ్రమపడినవారుండగా, మన తాతల చరిత్రకు మనమైనా పడవద్దా?

మేము చేయుచున్నది చిన్న పనే. పుటలను నీడలో ఆరబెట్టి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, ఫోటో తీసి, పేర్లు నోటుబుక్కులోకి ఎక్కిస్తున్నాము. చినిగినచోట గమ్ముటేపు అంటించకండి. అది కొన్నాళ్లకు పసుపెక్కి అక్షరములనే మింగుతుంది (మేమే మొదట అంటించి నేర్చుకొన్నాము!). గ్రూపు ఫోటోలలోని వారిని గుర్తించుటలో మా చదువుకన్న ముసలమ్మల జ్ఞాపకము మేలు. వారు చెప్పగానే వెనుక పెన్సిలుతో వ్రాస్తున్నాము.

మొన్న ఒక అమ్మగారు తన నాయనమ్మ పేరు మాచే మూడుసార్లు చదివించుకొన్నారు. బాప్తిస్మమునకు ముందున్న పేరు ఆమె అంతవరకు వినలేదట.

ఇంకను విప్పని కట్టలు రెండున్నవి. శనివారము మధ్యాహ్నము పాస్టరమ్మగారి వరండాలో కూర్చుంటాము. మీ పెట్టెలలోని పెండ్లి సర్టిఫికెట్లు, పాత ఉత్తరములు తీసికొని రండి. చూచి, ఫోటో తీసికొని, అప్పుడే తిరిగి మీ చేతికిస్తాము.