వీధి ఎవరిది? నగరాలలో ఉచిత ఆటపాటల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• మోటారు వాహనాల రాకతో వీధి అర్థం ఎలా మారిందో వివరించగలుగుతారు.
• ఇంగ్లండులోని ఆటవీధులు, బొగోటా నగరంలోని సిక్లోవియా ఎలా పుట్టాయో, వాటి గతులు ఎందుకు వేరయ్యాయో పోల్చి చెప్పగలుగుతారు.
• గుర్‌గావ్, హైదరాబాద్ అనుభవాలను అదే దృష్టితో పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర అనగానే మనకు కోటలు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. మీ ఇంటి ముందరి వీధికీ ఒక చరిత్ర ఉందని మీరు ఎప్పుడైనా ఆలోచించారా? మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. గోళీలు, తొక్కుడుబిళ్ల, కర్రాబిళ్ల, కబడ్డీ ఎక్కడ ఆడేవాళ్లని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: వీధిలో. ఇప్పుడు అదే వీధిలో పిల్లవాడు బంతి వెంట పరుగెత్తితే మనమే "బండ్లొస్తున్నాయి, లోపలికి రా" అని కేకేస్తాం. ఈ మార్పు దానంతట అది జరగలేదు. చట్టాలు, అలవాట్లు, వాహనాలు కలిసి తెచ్చిన మార్పు ఇది. దానిని ఎదిరించి వారానికి కొన్ని గంటలైనా వీధిని మనుషులకు తిరిగి ఇవ్వాలని కొందరు ప్రయత్నించారు. ఆ ప్రయత్నాలలో కొన్ని నిలిచాయి, కొన్ని కనుమరుగయ్యాయి. ఎందుకు అన్నదే ఈ పాఠ్యభాగంలోని ప్రధాన ప్రశ్న.

2. వీధి నుంచి రోడ్డు వరకు

వీధి చాలాకాలం నడకదారి మాత్రమే కాదు. అంగడి, పంచాయితీ, పెళ్లి ఊరేగింపు, వీధి నాటకం, పిల్లల ఆట అన్నీ అక్కడే జరిగేవి. వీటి మీద ఆంక్షలు మోటారు కార్ల కంటే ముందే మొదలయ్యాయి. ఇంగ్లండులో 1835 నాటి రహదారుల చట్టం, దారిన పోయేవారికి ఇబ్బంది కలిగేలా రహదారిపై ఫుట్‌బాల్ వంటి ఆటలు ఆడడాన్ని జరిమానా వేయదగిన నేరంగా పేర్కొంది.

20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో కార్లు పెరిగేసరికి ఈ ధోరణి బలపడింది. అమెరికాలో అప్పుడే 'జేవాకర్' అనే మాట వాడుకలోకి వచ్చింది. 'జే' అంటే ఏమీ తెలియని పల్లెటూరివాడు అని ఎగతాళి. తోచినచోట వీధి దాటేవాడిని మొరటువాడిగా చూపే మాట ఇది. అప్పటిదాకా మనిషిని గుద్దిన బండివాడిది తప్పు. ఇకమీదట బండికి అడ్డం వచ్చిన మనిషిది తప్పు. ఒక్క మాటలో ఇంత రాజకీయం ఉందని గమనించండి. వీధి 'రోడ్డు'గా మారడమంటే తారు పోయడం ఒక్కటే కాదు, తప్పు ఎవరిదో చెప్పే తీర్పు తారుమారు కావడం కూడా.

3. ఇంగ్లండు ఆటవీధులు: చట్టం ఉండీ నిలవని ప్రయోగం

పిల్లలు వాహనాల కింద పడి చనిపోతున్నారన్న ఆందోళన నుంచే ఆటవీధి అనే ఆలోచన పుట్టింది. న్యూయార్క్ పోలీసు శాఖ 1914లోనే ఇరుకు పేటలలో కొన్ని వీధులను కొన్ని గంటలపాటు మూసి పిల్లలకు వదిలింది. ఇంగ్లండులోని సాల్ఫర్డ్ అనే కార్మిక నగరంలో రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో పోలీసు అధికారులే చొరవ తీసుకుని వీధులను ఆటకు కేటాయించారు. ఆ అనుభవం 1938లో 'వీధి ఆటస్థలాల చట్టం' రావడానికి తోడ్పడింది. స్థానిక సంస్థలు ఒక వీధిని వాహనాలకు మూసి పిల్లల ఆటకు కేటాయించే అధికారం ఈ చట్టంతో వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఈ పద్ధతి విస్తరించింది. 1960ల తొలినాళ్లకు ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 750 ఆటవీధులు ఉండేవి. వాటి వెనుక తల్లుల పాత్ర పెద్దది. భద్రత కోరుతూ వాళ్లు అర్జీలు పెట్టారు. కొన్నిచోట్ల పిల్లల తోపుడుబండ్లను వీధికి అడ్డంగా నిలిపి నిరసన తెలిపారు.

అయినా 1980ల నాటికి ఈ వీధులు దాదాపు మాయమయ్యాయి. చట్టాన్ని ఎవరూ పెద్దగా అడ్డుకోలేదు, వీధే మారిపోయింది. కార్మిక కుటుంబాలు కూడా కార్లు కొని ఇంటి ముందే నిలుపుకున్నాయి. పాత ఇరుకు పేటలను కూల్చి కుటుంబాలను వేరే చోట్లకు తరలించారు. టెలివిజన్ పిల్లలను ఇంట్లోకి లాగింది. ఆటవీధి బోర్డు మాత్రం స్తంభానికి వేలాడుతూనే ఉంది. బోర్డు తనంతట తాను కారును ఆపదు. దాని పక్కన నిలబడి "కాసేపు ఆగండి, పిల్లలు ఆడుతున్నారు" అని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి ఎవరన్నది 1938 చట్టం తేల్చలేదు.

ఈ లోటును చాలాకాలం తరవాత బ్రిస్టల్ నగరంలోని తల్లులు గుర్తించారు. 2009లో తమ వీధిని కొన్ని గంటలు మూసి పిల్లలను ఆడుకోనిచ్చారు. రెండు చివర్లా ఇరుగుపొరుగువారే కాపలా నిలిచారు. ఆ వీధిలో ఉండేవారి కారు వస్తే పిల్లలను పక్కకు జరిపి, నడక వేగంతో దానిని లోపలికి పంపారు. ప్రత్యేకంగా ఆటలేవీ ఏర్పాటు చేయలేదు. ఖాళీ స్థలం దొరికితే ఏం చేయాలో పిల్లలకు తెలుసు. తరవాత నగర పాలక సంస్థ దీనికి సులభమైన అనుమతి పద్ధతి ఏర్పరచింది. ఇక్కడినుంచి ఇది ఇతర పట్టణాలకు పాకింది.

4. బొగోటా: నిరసన నుంచి వాడుకగా

కొలంబియా రాజధాని బొగోటాలో కథ వేరే దారి పట్టింది. 1974 డిసెంబరు 15న సైకిలు ప్రియులైన కొందరు యువకులు, అధికారుల అనుమతితో, రెండు ప్రధాన రహదారులను సుమారు మూడు గంటలపాటు వాహనాలకు మూయించారు. నగరం కార్ల కోసమే పెరుగుతోందన్నది వారి అభ్యంతరం. ఆనాడు 5,000 మందికి పైగా జనం రోడ్డెక్కారు. 1976లో నగర మేయరు ఉత్తర్వుతో ఇది అధికారిక కార్యక్రమమైంది. దీని పేరు సిక్లోవియా, అంటే సైకిలు దారి.

తరవాతి కాలమంతా ఎదుగుదలే అనుకోకండి. 1980ల తొలినాళ్లలో విస్తరించిన కార్యక్రమం, ఆ దశాబ్దం రెండో సగంలో పాలకుల శ్రద్ధ తగ్గి చిక్కిపోయింది. 1995 ప్రాంతంలో ఒక పరిపాలనా నిర్ణయం దాని దశ మార్చింది. సిక్లోవియాను ట్రాఫిక్ శాఖ నుంచి తీసి నగర వినోద, క్రీడా సంస్థకు అప్పగించారు. పైకి ఇది చిన్న విషయంగా తోస్తుంది. కానీ వాహనాలు సాఫీగా నడవడం చూసుకోవలసిన శాఖకు మూసిన రోడ్డు ఒక ఆటంకం. మనుషులు ఆడుకోవడం చూసుకోవలసిన శాఖకు అదే మూసిన రోడ్డు ఒక మైదానం. కొద్ది ఏళ్లలోనే దారుల పొడవు 100 కిలోమీటర్లు దాటింది. అప్పుడే పార్కులలో, కూడళ్లలో ఉచిత వ్యాయామ నృత్య తరగతులు కూడా మొదలయ్యాయి.

ఇవాళ ప్రతి ఆదివారం, ప్రతి సెలవు దినం ఉదయం 7 గంటల నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు 120 కిలోమీటర్లకు పైగా రోడ్లు మనుషులవే. కూడళ్ల దగ్గర శిక్షణ పొందిన యువతీ యువకులు జనాన్ని దాటిస్తారు. ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ సామాజిక సేవా గంటలను ఇక్కడ పూర్తి చేస్తారు. దారి పొడవునా పండ్లరసాలు అమ్మేవారికి, సైకిళ్లు బాగుచేసేవారికి పని దొరుకుతుంది. 2007లో దీని సమయాన్ని మధ్యాహ్నం 12కే ముగించాలన్న ప్రతిపాదన వస్తే జనం వ్యతిరేకించారు, అది ఆగిపోయింది. ఎవరో ఇచ్చిన వరం అనుకున్నంతకాలం జనం దాని కోసం పోరాడరు. తమ వాడుక అనుకున్న తరవాతే పోరాడతారు.

5. మన దేశంలో

భారతదేశం విషయానికి వచ్చేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. మన వీధులు కార్లు రాకముందు కూడా అందరివీ కావు. 1924–25లో కేరళలోని వైకోంలో సత్యాగ్రహం జరిగింది గుడి చుట్టూ ఉన్న దారులలో నడిచే హక్కు కోసమే. కాబట్టి "పాతరోజులలో వీధి అందరిదీ" అని మనం తేలికగా అనలేం. ఆ ఆటలో ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని దూరంగా నిలిపారు అని కూడా అడగాలి.

2013 నవంబరు 17న గుర్‌గావ్‌లో 'రాహ్‌గిరి' మొదలైంది. పౌర సంఘాలు, నగర పాలక సంస్థ, పోలీసులు కలిసి ఆదివారం ఉదయం కొన్ని రోడ్లను నడకకు, సైకిళ్లకు, ఆటలకు, నృత్యాలకు తెరిచారు. ప్రేరణ బొగోటాయే. 2014లో ఇది ఢిల్లీ కనాట్ ప్లేస్‌కు చేరింది. తరవాత మరికొన్ని నగరాలు ఈ బాట పట్టాయి.

హైదరాబాద్‌లో గుర్తుంచుకోవలసిన సందర్భం 2021 నాటిది. హుస్సేన్‌సాగర్ కట్ట 16వ శతాబ్దంలో కట్టినది. హైదరాబాద్, సికింద్రాబాద్‌లను కలిపే ఆ ట్యాంక్‌బండ్ రోడ్డుపై వాహనాల రద్దీ అందరికీ తెలిసిందే. ఒక పౌరుడి సూచనకు ప్రభుత్వం స్పందించి, 2021 ఆగస్టు చివరి నుంచి ఆదివారం సాయంత్రాలు అక్కడ వాహనాలను ఆపింది. 'సండే ఫన్‌డే' పేరుతో సంగీతం, చేతివృత్తుల దుకాణాలు, తినుబండారాలు ఏర్పాటయ్యాయి. ప్రవేశం ఉచితం. అక్టోబరులో చార్మినార్ దగ్గరా ఇటువంటి సాయంత్రాలు మొదలయ్యాయి. కుటుంబాలు పెద్ద సంఖ్యలో వచ్చాయి. అయితే 2022 ఆరంభంలో కోవిడ్ మళ్లీ పెరగడంతో కార్యక్రమానికి ఆటంకం కలిగింది. బొగోటాలో మాదిరిగా ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం జరిగే వాడుకగా అది స్థిరపడలేదు.

జనం ఇష్టపడనందువల్ల కాదిది. వేదికలు, వాద్యబృందాలు, దీపాలంకరణ ఉన్న వేడుకకు ప్రతివారం ఖర్చు, ప్రతివారం అధికారుల చొరవ కావాలి. చూడడానికి వచ్చినవారు ప్రేక్షకులుగా వెళ్లిపోతారు. బ్రిస్టల్ వీధిలో కావలసింది రెండు అడ్డుకర్రలు, నలుగురు ఇరుగుపొరుగువారు. నిర్వాహకులు మారినా అది జరుగుతుంది.

6. నిలవడానికి కావలసినవి

పై ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే మూడు విషయాలు తేలతాయి. మొదటిది, అనుమతి. అది లేకుండా రోడ్డు మూయడం సాధ్యం కాదు, కానీ అనుమతి ఒక్కటే చాలదని ఇంగ్లండు 1938 చట్టం చెబుతోంది. రెండవది, క్రమం. "ఈ ఆదివారం ఉందా?" అని అడగవలసిన అవసరం లేకపోవడమే బొగోటా బలం. మూడవది, బాధ్యత. 'ఉచితం' అంటే పాల్గొనేవారికి రుసుము లేదనే అర్థం, శ్రమ లేదని కాదు. అంబులెన్సుకు దారి వదలడం, బస్సులను మళ్లించడం, సాయంత్రం చెత్త ఎత్తడం ఎవరో ఒకరు చేయాలి. ఆ శ్రమంతా చివరకు పారిశుధ్య కార్మికుల మీదే పడితే, వాళ్ల ఆదివారం మాటేమిటి? రోజూ అక్కడ బండి పెట్టుకునే చిరువ్యాపారిని వేడుక పేరుతో తరిమేస్తే, అది ఎవరి వీధి అయినట్లు?

మరో పరీక్ష కూడా ఉంది. ఆడపిల్లలు సాయంత్రం అక్కడ నిశ్చింతగా పరుగెత్తగలుగుతున్నారా? చక్రాల కుర్చీలో ఉన్నవారు రాగలుగుతున్నారా? ప్రవేశ రుసుము లేనంత మాత్రాన తలుపు అందరికీ తెరుచుకున్నట్లు కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'జేవాకర్' అనే మాట వీధి గురించిన ఏ ఆలోచనను ప్రచారం చేసింది?
2. సిక్లోవియాను ట్రాఫిక్ శాఖ నుంచి క్రీడా సంస్థకు మార్చడం ఎందుకు కీలకమైంది?

7. సారాంశం

వీధి రోడ్డుగా మారడం ఒక చారిత్రక ప్రక్రియ. మనుషులు చేసినది కాబట్టి దానిని కొంతమేరకైనా మనుషులే మార్చగలరు. ఇంగ్లండులో చట్టం ఉన్నా నిలబెట్టేవారు కరువై ఆటవీధులు తగ్గాయి. బొగోటాలో నిరసనగా మొదలైనది, తగిన సంస్థ అండ వల్ల, జనం పట్టుదల వల్ల వాడుకగా స్థిరపడింది. మన నగరాలలో ఉత్సాహం కనిపించింది, క్రమం ఇంకా కుదరలేదు. వేడుకను ఎంత ఘనంగా చేశామన్నదాని కంటే, మరుసటి వారం దాన్ని ఎవరు నడుపుతారన్నదే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది.

8. మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) ఈ కింది వాటికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఇంగ్లండు ఆటవీధులను, బొగోటా సిక్లోవియాను పోల్చి, వాటి గతులు వేరవడానికి కారణాలు చర్చించండి.
2. "ఉచిత ప్రవేశం, అందరికీ ప్రవేశం ఒకటి కావు." వైకోం సత్యాగ్రహాన్ని దృష్టిలో ఉంచుకుని వ్యాఖ్యానించండి.

ఆ) ఈ కింది వాటికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. ట్యాంక్‌బండ్ 'సండే ఫన్‌డే'.
2. 1938 వీధి ఆటస్థలాల చట్టం.

ఇ) అభ్యాసం: మీ వీధిలో 60 ఏళ్లు దాటిన ఇద్దరిని, వీలైతే ఒక స్త్రీని, ఒక పురుషుడిని కలవండి. చిన్నతనంలో వారు ఏ వీధిలో ఆడారో, ఏ వీధికి వెళ్లనివ్వలేదో, ఆట ఎప్పుడు ఆగిపోయిందో అడిగి రాసుకోండి. ఇద్దరి జవాబులలో తేడాలకు కారణాలను ఒక పుటలో వివరించండి.